నూకల డబ్బా

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే ముందు రిటైరవ్వాలంటారు. ఆ అర్హత నాకు అందరికన్నా ఎక్కువే ఉంది. కాంట్రాక్టు మనిషిని కాబట్టి ఏటా వేసవిలో ఒకసారి రిటైరయ్యేదాన్ని, బడులు తెరిచాక మళ్ళీ చేరేదాన్ని. ఆఖరిసారి రిటైరయ్యాక తిరిగి ఎవరూ పిలవలేదు. అలా ముప్పై నిండకుండానే జ్ఞాపకాల వయసు వచ్చిపడింది. శాలువా కప్పలేదు. సెంటరు బీరువా తాళంచెవి మాత్రం గుర్తుపెట్టుకుని తీసుకున్నారు.

నా పని ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి పాఠం చెప్పడం. విజయనగరం జిల్లాలో, శృంగవరపుకోట వెళ్ళే దారిలో ఒక మండల కేంద్రం, అక్కడి పాత బడి వెనక ఒక గది. అదే మా సెంటరు. వారంలో కొన్ని రోజులు ఆ గదిలో, మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్ళలో బడులకీ ఇళ్ళకీ తిరగడం. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ ఒక్క పిల్ల సంగతి చెప్తాను. నీతి ఏమైనా దొరికితే మీదే. నాకు దొరికినంత వరకూ నేను వాడేసుకున్నాను.

ఆటిజం ఉన్న ప్రతి పిల్లకీ వ్యక్తిగత ప్రణాళిక ఒకటి రాయాలని రూలు. మా సెంటర్లో ఆ వ్యక్తిగత ప్రణాళికకి మూలప్రతి ఒకటుండేది, మిగతావన్నీ దాని జిరాక్సులు. పేరు రాసేచోట ఖాళీ ఉంచేవాళ్ళు. నేను చేరిన కొత్తలో మా ఫిజియో మాస్టారు నాకు నేర్పిన మొదటి విద్య ఆ ఖాళీ నింపడం. ఆయన్ని తప్పుపట్టకండి. నాలుగు మండలాలకి ఆయనొక్కరే. వారానికోసారి బండి మీద వచ్చి, పిల్లల కాళ్ళూ చేతులూ సాగదీసి, తన నడుం పట్టుకుని వెళ్ళిపోయేవారు.

సరుకు కూడా అందరికీ ఒకటే వచ్చేది. బొమ్మల కార్డుల పెట్టె. స్నానం కార్డు మీద తొట్టి నిండా నురగ, అందులో తెల్లటి బాబు. మా పిల్లలు స్నానం చేసేది బోరింగు దగ్గర. భోజనం కార్డు మీద ముళ్ళ చెంచా, చాకు, ఒక ఎర్రటి పండు. మా బడిలో పెట్టేది అన్నం, పప్పుచారు, గుడ్డు. ఆ కార్డు చూపిస్తే ఆకలేసిన పిల్ల కూడా ఇది మనకి కాదులే అన్నట్టు తల తిప్పేసుకునేది.

ఇక అసలు పిల్ల. అప్పుడు ఒకటో తరగతి. మాటలు లేవు. వరీ చోడీ పండించుకునే ఇల్లు. తండ్రి, తల్లి, తాత. ఉరుము ఉరిమినా బెదరదు, చేతిలో ఉన్న గడ్డిపరక విరిగితే మాత్రం పూటంతా ఏడుస్తుంది. పిలిస్తే పలకదు. చెవులు పరీక్ష చేయించారు, భేషుగ్గా ఉన్నాయన్నారు. తల్లికి ఆ సంగతి డాక్టరు చెప్పకముందే తెలుసు. "సెముడేటి మేడమ్. పక్కీదిలో బిస్కట్ పేకట్టు సించితే వినీగలదు," అనేది.

పలకకపోతే ఏం, మెల్లగా నేర్చుకుంటుందిలే అనుకునేవాళ్ళమే. కానీ ఆ ఊరి బడి రోడ్డుని ఆనుకుని ఉంది. ఆ రోడ్డు మీద క్వారీ లారీలు తిరుగుతాయి. బడి గేటుకి ఒకటే రెక్క. రెండో రెక్క శాంక్షనై దారిలో ఉందని నేను చేరినప్పట్నుంచీ వింటున్నాను. పిల్ల తనకి తోచినప్పుడు లేచి, ఆ లేని రెక్కలోంచి నడిచిపోయేది. ఒకసారి లారీ డ్రైవరు బ్రేకు వేసి, దిగి, పిల్లని చంకనేసుకుని తెచ్చి హెడ్మాస్టారి బల్ల మీద కూర్చోబెట్టి, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళాడు.

హెడ్మాస్టారిది శ్రీకూర్మం దగ్గర పల్లె. ఆ గుడి తాబేళ్ళని చిన్నప్పట్నుంచీ చూసినందువల్లో ఏమో, ఏ విషయంలోనూ మెడ త్వరగా బయటపెట్టరు. అలాంటి మనిషి ఆ రోజు నాకు ఫోన్ చేసి రమ్మన్నారు.

"చూడమ్మాయ్. పిల్లకి అఆలు రాలేదని నాకు బాధ లేదు. వచ్చినవాళ్ళు ఏటి చేస్తన్నారో చూస్తన్నాం కదా. పిలిస్తే ఆగాలి. అదొక్కటే నేనడిగేది. దసరా సెలవుల వరకూ చూస్తాను. అప్పటికీ ఆగకపోతే తల్లికి చెప్పేస్తాను, ఇంట్లోనో మీ సెంటర్లోనో ఉంచుకోమని."

చట్టం ప్రకారం ఆయన అలా అనకూడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. లారీకి తెలీదు.

సెంటరు అంటే రోజూ ఆటో, బస్సు, తల్లి కూలి పోవడం. కాబట్టి సెంటరు అన్నమాట ఉత్తది. మిగిలింది ఇల్లు. ఇల్లంటే బయట గొళ్ళెం. బడిలో వేయకముందు ఆ పిల్ల అలాగే పెరిగింది. తల్లి పొలం నుంచి వచ్చి గొళ్ళెం తీసేసరికి తలుపు చెక్కని గోళ్ళతో గీకుతూ ఉండేదట. ఆ గీతలు నేను చూశాను. ఆ వయసు పిల్ల ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తువరకే ఉన్నాయి.

దసరాకి ఇంకా టైముంది. మేం మా జిరాక్సు వైద్యం మొదలుపెట్టాం. ఎదురుగా కూర్చోవడం, పేరు పెట్టి పిలవడం, చూస్తే బిస్కట్ ముక్క ఇవ్వడం. పిల్ల బిస్కట్ వంక చూసేది. నా వంక చూసేది కాదు. ఆ పేరుగల మనిషెవరో గదిలో ఇంకోచోట ఉన్నారు, మీరు వాళ్ళని పిలుచుకోండి, ఈలోపు నేను తింటాను అన్నట్టుండేది. చప్పుళ్ళు పడవేమోనని ఫిజియో మాస్టారు చెవులకి పెట్టుకునేవి తెచ్చారు. పిల్ల వాటిని చక్కగా విప్పి ఆయన చెవులకే పెట్టింది. ఆయన కాసేపు ఉంచుకుని, "హాయిగా ఉన్నాదమ్మా," అన్నారు.

వానాకాలంలో ఒక రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వాన కురిసి వెలిసింది. ఊడ్పులు ఆగిపోయి తల్లి ఇంట్లోనే ఉంది. పిల్ల వసారాలో కూర్చుని చూరు నుంచి పడే చుక్కల్ని చూస్తోంది. అలవాటు ప్రకారం పేరు పెట్టి పిలిచాను. చుక్కలే నయమన్నట్టు ఉండిపోయింది.

"పొద్దున్నుంచీ అంతే మేడమ్. ఆ సుక్కలు దానికేటి సెప్తన్నాయో," అంటూ తల్లి టీ గ్లాసు చేతికిచ్చింది.

టీ సగంలో ఉండగా పెరట్లో రేకు డబ్బా మీద టకటకమని చప్పుడు, ఆ వెంటే ముసలి గొంతు. "బా... బ్బబ్బబ్బబ్బా." సాగదీసి మొదలై చివర్లో పరుగెత్తే పిలుపు. పల్లెలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కోళ్ళకి నూకలు చల్లే వేళ. గడ్డివాము వెనకనుంచీ, మంచం కిందనుంచీ కోళ్ళు ఉరికాయి. వాటితోపాటు పిల్ల కూడా.

నేను గ్లాసు పట్టుకునే పెరట్లోకి నడిచాను. పిల్ల రుబ్బురోలు పక్కన గొంతుక్కూర్చుని, అరచెయ్యి చాపి, తాత ముఖంలోకి చూస్తోంది. సూటిగా. మా సెంటర్లో ఆ చూపు కోసం ఎన్ని బిస్కట్ ముక్కలు ఖర్చుపెట్టామో. తాత గుప్పెడు నూకలు ఆ చేతిలో పోశాడు. పిల్ల వాటిని కోళ్ళ మీదికి విసిరి మళ్ళీ చెయ్యి చాపింది.

తల్లి గబగబా వచ్చి నాకూ కోళ్ళకీ మధ్య నిలబడింది. "మావా, ఇంక సాల్లే. మేడమ్ వచ్చున్నారు." కోళ్ళని దాచడం ఎవరివల్లా కాదు కాబట్టి ఊరుకుంది.

"రోజూ ఇలాగే వస్తుందా?" అన్నాను.

"ఏటి?"

"ఆ పిలుపుకి."

"పిలుపుకి కాదు మేడమ్. కోళ్ళతో ఆడుకోడానికి ఎల్తాది."

"ఎప్పుడైనా రాకుండా ఉందా?"

తాత అందుకున్నాడు. "రాకపోడమేటి తల్లీ. జొరమొచ్చినప్పుడూ వచ్చీసింది. నాను కోళ్ళనే పిలుస్తన్నాను, దీన్ని కాదు. అదొచ్చి కూకుంటే పొమ్మంటానేటి?"

తల్లి నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "ఈ మాట బళ్ళో సెప్పకండి మేడమ్. ఊర్లో దీనికి పెట్టని పేరు నేదు. మూగిదంటారు, ఎర్రిదంటారు. కోళ్ళని పిలిస్తే వస్తాదని తెలిసిందా, రేపట్నుంచి ఈదిలో పిల్లగుంటలంతా అలగే పిలుస్తారు. పెళ్ళీడొచ్చినా ఆ పేరు పోదు."

చెప్పనని మాటిచ్చాను. మరి మీరేమని పిలుస్తారని అడిగాను.

"ఒలే అంటాను."

"పేరు పెట్టి?"

తల్లి తలొంచుకుంది. తాత ఉన్నట్టుండి కోళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అది మా అత్తగారి పేరు మేడమ్. పోయినావిడ. ఆ పేరు నానెలాగ పలుకుతాను?"

కోడలు అత్తగారి పేరు పలకదు. తాత ఆవిడ బతికున్నప్పుడే ఆ పేరు ఎత్తి ఎరగడు, ఇప్పుడెక్కణ్ణుంచి ఎత్తుతాడు. తండ్రికి అది తన తల్లి పేరు, కాబట్టి కూతుర్ని "అమ్మా" అంటాడు. ఊరు మొత్తం మీద ఆ పేరుతో ఆ పిల్లని ఎరిగింది ఆధార్ కార్డొక్కటే, దానికి నోరు లేదు. ఇంట్లో ఏ నోటా వినని పేరుకి పలకడం లేదని మేం వారాల తరబడి వైద్యం చేస్తున్నాం. చూడబోతే ఆ వైద్యానికి పిల్ల బాగానే ఓర్చుకుంది. ఆ ఇంటి మర్యాద నాకూ అంటుకుంది గనక, పేరు నేనూ ఇక్కడ రాయడం లేదు.

పొరబడకండి. పేరు గుట్టు తెలిసినంత మాత్రాన ఆటిజం ఎక్కడికీ పోలేదు. పేరు పెట్టి పిలిచే ఇంట్లో పుట్టినా ఈ పిల్ల అంత తేలిగ్గా పలికేది కాదేమో. కానీ తాత పిలుపుకి పలికింది. ఎందుకు?

ఆ వారం బస్టాండు పక్క బజ్జీల కొట్టు దగ్గర ఫిజియో మాస్టారికి చెప్పాను. ఆయన బజ్జీ నమిలినంతసేపూ ఆలోచించి, "బళ్ళో కోళ్ళు పెంచీద్దామా?" అన్నారు. రెండో బజ్జీ దగ్గర కొంచెం మెరుగయ్యారు. "సరేగాని, మనం పేరెట్టి పిలిస్తే తర్వాత ఏటవుతాదో ఆ గుంటకి తెలుసా?"

తెలీదు. మా పిలుపు తర్వాత ఒకసారి బిస్కట్, ఒకసారి గోళ్ళు కత్తిరించడం, ఒకసారి సూదిమందు, చాలాసార్లు ఏమీ లేదు. తాత పిలుపు తర్వాత నూకలు. అదే చప్పుడు, అదే రోలు పక్కన, అదే గుప్పెడు. పిలుపు వినగానే ఏం జరగబోతోందో తెలుస్తుంది. తెలిసినచోటికి ఎవరైనా వెళ్తారు. మనం మాత్రం ఊరూ పేరూ లేని మీటింగుకి పిలిస్తే వెళ్తామా.

తల్లితో ఒప్పందం చేసుకున్నాం. సంగతి హెడ్మాస్టారి చెవి దాటి పోదు. బళ్ళో కోళ్ళ పిలుపు ఉండదు, ఒట్టి డబ్బా చప్పుడే. "డబ్బా అయితే సరే. డబ్బాని ఎవులూ ఎక్కిరించరు," అంది. ఇంట్లో ఉన్న పాత డబ్బాయే ఇచ్చింది, తాతకి కొత్తది కొనుక్కుంది. కార్డుల పెట్టెని బీరువా పైకెక్కించాను. దాని బదులు అసలు వస్తువులే. డబ్బా మోగుతుంది, పళ్ళెం చూపిస్తాం, అన్నానికి వెళ్తాం. డబ్బా మోగుతుంది, తాడుముక్క చూపిస్తాం, టైరు ఉయ్యాల దగ్గరికి వెళ్తాం. కార్డు మీద బొమ్మని అన్నం అనుకోవడానికి ఆ పిల్లకి ఇంకా చాలా కాలం పడుతుంది. పళ్ళెం పళ్ళెమే.

ఇదంతా చెప్తే హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను డబ్బా వాయించమంటావేటమ్మాయ్. ఈ బళ్ళో నా పరువు..." అని ఆగి, ఆ వాక్యాన్ని అలాగే వదిలేశారు.

నేనున్న రోజుల్లో డబ్బా బాగానే పనిచేసింది. పిల్ల వచ్చేది, చెయ్యి చాపేది, వస్తువు అందుకుని నాతో నడిచేది. హెడ్మాస్టారికి ముచ్చటేసింది. ముచ్చటేయడమే ముప్పయింది. బడికి ఎవరొచ్చినా "చూడండి, ఇప్పుడొస్తాది" అని డబ్బా కొట్టి చూపించడం మొదలుపెట్టారు. పిల్ల వచ్చి చెయ్యి చాపేది. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. చేతిలో ఎవరూ ఏమీ పెట్టేవాళ్ళు కాదు. ఆ తర్వాతి వారానికి ఆ డబ్బా బళ్ళో ఇంకో రేకు డబ్బా అయిపోయింది. ఎంత కొట్టినా పిల్ల తిరిగి చూడటం లేదు.

"పాడైపోయినట్టున్నాది," అన్నారాయన, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి.

"డబ్బా కాదు మాస్టారూ. మాట పాడైంది. అది మోగితే ఏదో ఒకటి ఇవ్వాలి. అబద్ధమాడకూడదు."

ఆయనకి కోపమొచ్చింది. రెండుసార్లు వెళ్ళినా నాతో మాట్లాడలేదు. మూడోసారి వెళ్ళేసరికి వరండాలో ఆయనొక్కరే పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నారు, పక్కన పళ్ళెం, తాడు, పలక. డబ్బా కొట్టడం, వస్తువివ్వడం, వెంట నడవడం. పిల్లకి నమ్మకం తిరిగి రావడానికి వారాలు పట్టింది. దసరా దగ్గరపడింది. ఆయన మోకాళ్ళకి ఫిజియో మాస్టారే కట్టు కట్టారు.

ఈలోగా ఫిజియో మాస్టారు ఇంకో పని చేశారు. డబ్బా మహిమ చూసి పొంగిపోయి, పక్క మండలంలో ఒక పిల్లాడికి కూడా మోగించారు. వాడికి బస్సులంటే ప్రాణం, చప్పుడంటే ప్రాణసంకటం. డబ్బా మోగగానే మంచం కిందికి దూరి సాయంత్రం దాకా రాలేదు. వాడికి కావలసింది రాత. ఏ బస్సు తర్వాత ఏ బస్సో బోర్డు మీద రాసినట్టు, ఏ పని తర్వాత ఏ పనో పలక మీద రాసిస్తే ఇల్లు చల్లబడింది. అదే వారంలో మా పైఆఫీసరుగారు డబ్బా గురించి విని, జిల్లా అంతటా 'డబ్బా విధానం' పెడదాం, సెంటరుకిన్ని డబ్బాలని రాసి పంపమన్నారు. ఫిజియో మాస్టారు ఫోన్లోనే చెప్పేశారు. "సార్, ఒక డబ్బా ఒక్క పిల్లకే పనిచేస్తాది." నేను విన్న ఆయన ప్రసంగాల్లో అదే అత్యుత్తమం. మా జిరాక్సు మూలప్రతి ఆ సాయంత్రమే బజ్జీల కొట్టుకి చేరింది. నూనె బాగా పీల్చింది.

సెలవులివ్వడానికి కొద్దిరోజుల ముందు. పొద్దుటి ఎండ. నేను వరండాలో పిల్లల దగ్గర ఉన్నాను. బియ్యం ఆటో లోపలికి రావడానికి గేటుకున్న ఆ ఒక్క రెక్కా బార్లా తీశారు. హెడ్మాస్టారు గేటు పక్కన వంటగది ముందు ఆటోలోంచి బస్తాలు దింపిస్తున్నారు. పిల్ల ఆటో వెనక నుంచి బయటికి నడిచింది. నాకు కనిపించేసరికి రోడ్డు అంచున ఉంది. మలుపు దగ్గర లారీ.

"డబ్బా," అని అరిచాను.

ఆయన వంటగది కిటికీ దగ్గరికి చెయ్యి చాపారు. డబ్బా అక్కడే ఉంది. చేతికందుకుని కొట్టారు. మెత్తగా, దుప్పటి మీద కొట్టినట్టు వచ్చింది చప్పుడు. వంటామె దాన్ని శుభ్రంగా కడిగి, ఖాళీగా ఉందని చింతపండు పెట్టింది. నిండా.

పేరు పెట్టి పిలిచారు. పిల్ల ఒక అడుగు వేసింది. నేను మెట్లు దిగి పరుగెత్తుతున్నాను, కానీ మధ్యలో గ్రౌండు మొత్తం ఉంది. అప్పుడు ఆయన, ఇస్త్రీ చొక్కాలో, పిల్లలందరి ముందూ, బియ్యం ఆటోవాడి ముందూ, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"బా... బ్బబ్బబ్బబ్బా."

పిల్ల ఆగింది. తిరిగింది. రోడ్డు అంచున, ఉన్నచోటనే గొంతుక్కూర్చుని, అరచెయ్యి చాపి, ఆయన ముఖంలోకి చూసింది. లారీ హారన్ కొట్టుకుంటూ ఆ వెనక నుంచి వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆ లారీ అప్పటికే స్పీడు బ్రేకరు దగ్గర నత్తలా ఉంది. ఆ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు నా చెప్పొకటి ఎక్కడ ఊడిపోయిందో కూడా తెలీదు.

ఆయన పిల్లని చేరుకున్నారు. ఎత్తుకుని తెచ్చేస్తారనుకున్నాను. ఎత్తుకోలేదు. చాపిన చెయ్యి వంక చూసి, జేబులు తడుముకున్నారు. సుద్దముక్క, పెన్ను, కళ్ళజోడు గుడ్డ. వెనక్కి తిరిగి వంటామెని కేకేశారు. "గుప్పెడు బియ్యం తే. తొందరగా తే."

తెచ్చింది. ఆయన ఆ చేతిలో పోశారు. పిల్ల విసరడానికి చూసింది. విసరడానికి కోళ్ళు కూడా ఉన్నాయి. ఆ పిలుపుకి ఎదురింటి కోళ్ళన్నీ రోడ్డు దాటి వచ్చేశాయి, లారీని లెక్కచేయకుండా. బడి బియ్యం బడి గేటు ముందు జల్లున రాలింది.

"ఇది ఎక్కడా రాయకమ్మాయ్," అన్నారాయన, నుదురు తుడుచుకుంటూ. ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, క్షమించాలి.

వరండాలో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకడు అప్పుడే "బాబ్బబ్బా" అని మొదలుపెట్టాడు. నాకు తల్లి మాట గుర్తొచ్చింది. ఆయన పిల్ల వేలు పట్టుకుని మెట్లెక్కి వాళ్ళ ముందు నిలబడ్డారు.

"అలగ కాదురా, బా దగ్గర ఇంకొంచెం సాగదియ్యాలి. కోళ్ళని పిలిచింది నేను. నవ్వితే నన్ను చూసి నవ్వండి. ఈ పిల్లని చూసి నవ్వినోడికి మాత్రం రేపట్నుంచి డబ్బా కడిగే పని."

కబురు పొలానికి ఎవరు మోసుకెళ్ళారో గాని, మధ్యాహ్నానికి తల్లి కాళ్ళకి బురదతోనే వచ్చేసింది. వరండా కిందే నిలబడిపోయింది.

"నా గుంటని కోళ్ళలాగ పిలిసేరంట, మాస్టారూ."

"పిలిచానమ్మా. డబ్బా మోగలేదు. నోరొక్కటే ఉంది."

"అలగ పిలవబోమని మాటిచ్చేరు."

"ఇచ్చాం." మాటిచ్చింది నేను కాబట్టి మెట్లు దిగి ఆవిడ పక్కన నిలబడ్డాను.

తల్లి ఆయన వంకే చూస్తూ, "ఆగిందేటి?" అంది.

"ఆగింది."

"మీ పిలుపుకే?"

"నా పిలుపుకే."

ఆవిడ ఏడుస్తుందనుకుని నేను రుమాలు వెతికాను. ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది. "మా మావ పిలిస్తే అందంగా ఉంటాది మాస్టారూ. మీది వింటే నక్క వచ్చిందని కోళ్ళు పారిపోవాల. ఎలాగొచ్చినాయో."

హెడ్మాస్టారు కూడా నవ్వారు. ఆయన పళ్ళు చూడటం నాకదే మొదలు. తల్లి నవ్వు ఆపుకుని, అడగాలా వద్దా అన్నట్టు కొంగు చివర మెలిపెట్టింది.

"సెలవులయ్యాక తీసుకురానా?"

"తీసుకురా. ప్రార్థనకే తీసుకురా. తర్వాత తెస్తే ఊరుకోను," అన్నారాయన. ఆ గేటు రెండో రెక్క కూడా ఆయనే తన డబ్బుతో తడికలవాడి చేత వెదురుతో అల్లించారు. శాంక్షనైన రెక్క ఇప్పటికీ దారిలోనే ఉంది.

ఆ పిల్లకి ఊళ్ళో కొత్త పేరేమీ రాలేదు. పేరు ఆయనకి వచ్చింది. సెలవులయ్యేసరికి ఊరు ఊరంతా ఆయన్ని కోళ్ళ మాస్టారంటోంది. ఆయన పాలకేంద్రం ముందునుంచి నడుస్తుంటే కుర్రాళ్ళు వెనకనుంచి బాబ్బబ్బా అనేవాళ్ళు. ఆయన తిరిగి చూసి, "ఆ పిలుపుకి కోళ్ళొచ్చాయి. మీరు రాలేదేటి మరి, బళ్ళోకి," అనేవారు.

తర్వాత ఆ చలికాలంలో ఒక పొద్దున. పైఆఫీసరుగారు హెడ్మాస్టారి గదిలో కూర్చుని, బడుల్లో హాజరు గురించి చెప్తున్నారు. చెప్పడం ఆయన బాగా చెప్తారు. నేను గోడవారగా నిలబడి వింటున్నట్టు ఉన్నాను. గుమ్మంలో టకటకమని చప్పుడు.

పిల్ల నిలబడి ఉంది. ఒక చేతిలో పళ్ళెం. రెండో చేత్తో డబ్బాని గుమ్మానికేసి కొడుతోంది. అంతవరకూ పిలవడం మా పని, రావడం తన పని. ఎవరినీ ఎప్పుడూ పిలిచి ఎరగదు. అరచెయ్యి చాపలేదు. హెడ్మాస్టారి ముఖంలోకి చూస్తూ, మళ్ళీ కొట్టింది.

ఆఫీసరుగారి వాక్యం సగంలో ఉంది. హెడ్మాస్టారు లేచి నిలబడ్డారు.

"పిలుపొచ్చింది సార్. వెళ్ళాలి," అని చెప్పులేసుకుని, పిల్ల వెంట వంటగది వైపు నడిచిపోయారు. అన్నం ఇంకా దిగలేదని ఆయనకీ తెలుసు.

ఆఫీసరుగారు గుమ్మం వంక, ఖాళీ కుర్చీ వంక చూసి, "ఎవరు పిలిచారు?" అన్నారు.

"ఒకటో తరగతి సార్," అన్నాను.